ఎస్తేరు హాజరు

ఇప్పటివరకు ఎవరితోనూ అనని మాట ఒకటి ఉంది. ఆ ఆదివారం కమిటీ పెద్దల ముందు నేను సంతకం పెట్టి ఇచ్చిన కాగితంలో ఉన్నది అబద్ధం. తప్పు చేసి, చెయ్యలేదని అబద్ధమాడేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. నేను చెయ్యని తప్పును చేశానని రాసిచ్చాను. అమ్మకు కూడా తెలియదు.

దయ్యాలు, ఆత్మలు అనే మాటలు మా ఇంట్లో నడిచేవి కావు. నాన్న గుంటూరు వైపు నుంచి రైల్వే ఉద్యోగం కోసం వచ్చి చిలకలగూడలో స్థిరపడ్డాడు. చిన్నప్పుడు నేను చీకటికి భయపడితే టార్చిలైటు చేతికిచ్చి, గది మూలలన్నీ చూసి రమ్మనేవాడు. చూసి వచ్చేదాన్ని. ఏమీ ఉండేది కాదు. నేటికీ నేను ఆ టార్చిలైటు పక్షమే. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు వెనకాడాను.

అప్పటికి రాష్ట్రం ఇంకా ఒకటే. నేను డిగ్రీ పూర్తిచేసి, బి.ఎడ్. సీటు రాక ఇంట్లో ఉన్నాను. నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. పగలంతా పుస్తకాలు, పడుకునేముందు డైరీ. ఇది చూడలేక అమ్మ నన్ను మా చర్చి ఆవరణలో సాయంత్రాలు నడిచే పిల్లల క్లబ్బులో చేర్పించింది.

బడి వదిలాక నాలుగున్నరకు పిల్లలు వచ్చేవారు. ముప్పై నాలుగు మంది. మోండా మార్కెట్‌లో మూటలు మోసేవాళ్ల పిల్లలు, ఇళ్లలో పనిచేసే తల్లుల పిల్లలు. గ్లాసు పాలు, ఒక బన్ను, హోంవర్కు, క్యారమ్‌బోర్డు, శుక్రవారం డిక్టేషను. ఇవన్నీ ఒక ఎత్తు, స్కూలు ఫీజు ఒక ఎత్తు. క్లబ్బులో పేరున్న పిల్లలందరికీ ఫీజు క్లబ్బే కట్టేది. దానికి ఒకటే షరతు. వరసగా పదిరోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు. బయట ఆ ఖాళీ కోసం ఎదురుచూసే పిల్లలు ఎప్పుడూ ఉండేవారు.

క్లబ్బును చూసుకునేది రత్నం గారు. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయిన మనిషి. అందరం అంకుల్ అనేవాళ్లం. పిల్లలు ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉండేది ప్రార్థనప్పుడే కాబట్టి, హాజరు కూడా అప్పుడే తియ్యాలని ఆయన పెట్టిన పద్ధతి. పిల్లలంతా చాపల మీద కూర్చుని, చేతులు జోడించి కళ్లు మూసుకుంటారు. అప్పుడు నేను పేర్లు పిలవాలి. కళ్లు తెరవకుండానే వాళ్లు పలకాలి. చివరి పేరయ్యాక ప్రార్థన మొదలు.

నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది. ముప్పై నాలుగు జతల కళ్లు మూసుకుని ఉంటే నాకు భయం లేదు. అయినా తల ఎత్తేదాన్ని కాదు. రిజిస్టరులోకి చూస్తూ పేరు పిలవడం, గొంతు వినడం, గడిలో టిక్కు పెట్టడం. నెల తిరిగేసరికి ముఖాలకంటే గొంతులే నాకు బాగా తెలిసిపోయాయి.

పంతొమ్మిదో పేరు ఎస్తేరు. ఏడో తరగతి. సన్నటి పిల్ల, రెండు జడలు. మిగతావాళ్లందరూ 'యెస్ టీచర్' అనేవాళ్లు. ఈ పిల్ల ఒక్కతే 'ఉన్నా టీచర్' అనేది. తాను ఉన్నట్టు తనకే గుర్తుచేసుకుంటున్నట్టుగా ఉండేది ఆ పలకడం.

హాజరు అయిపోగానే చిన్నపిల్లలు కథల పుస్తకాలకు నా దగ్గరకు వచ్చేవారు. పెద్ద తరగతుల వాళ్లు పక్క గదిలో ఇంకో టీచరు ప్రమీల దగ్గర లెక్కలు చేసేవారు. కాబట్టి ఎస్తేరును నేను రోజూ విడిగా చూసే పని లేదు. ఇది ముందే చెప్పడం మంచిది. తర్వాత అందరూ నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే.

దసరా సెలవుల తర్వాత ఒక నెల. ఆ నెలలో క్లబ్బు నడిచింది ఇరవై రెండు రోజులు. ఎస్తేరు వరసలో ఇరవై రెండు టిక్కులున్నాయి. ప్రతిరోజూ పిలిచాను. ప్రతిరోజూ పలికింది.

డైరీ నా దగ్గరే ఉంది. అందులోని మాటలు రాసినప్పుడు నాకు ఏ అనుమానమూ లేదు, కనుక వాటిని నమ్ముతున్నాను. మొదటి వారంలో ఒకచోట ఇలా ఉంది: 'ఎస్తేరు ఇవాళ రెండుసార్లు పిలిస్తేగాని పలకలేదు. పక్క గదిలోంచి పలికినట్టుంది. జలుబేమో.' 

రెండో వారం శుక్రవారం నాటిది ఇంకా వివరంగా ఉంది. పేరు పిలిచాను. 'ఉన్నా టీచర్' అంది. తర్వాత మెల్లగా, 'పెన్సిల్ లేదు టీచర్' అంది. డిక్టేషను రోజు కదా. తల ఎత్తకుండానే, చెవిమీద పెట్టుకున్న పెన్సిలు తీసి ఎడమచేత్తో ముందుకు చాపాను. ఎవరో తీసుకున్నారు. వేళ్లు తగిలాయి. చల్లగా, తడిగా ఉన్నాయి. ఒక నీటి బొట్టు రిజిస్టరు మీద పడి పంతొమ్మిదో గడిలో సిరా పాకింది. చేతులు తుడుచుకుని రావాలని తెలియదా అని విసుక్కున్నాను కూడా. మనసులోనే.

బన్నుల సంగతి కూడా చెప్పాలి. హాజరు ఎంతో నేను చీటీ రాసి పంపితే, వంట చూసుకునే ఆయమ్మ అన్నే బన్నులు తెచ్చేది. ఆ నెలంతా ఒక్కరోజు కూడా బన్ను మిగల్లేదని తర్వాత ఆయమ్మ చెప్పింది. పిల్లలెవరో రెండు తిని ఉంటారు. నేనూ అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించాను.

బయటపడింది నోటుపుస్తకాలు పంచే శనివారం నాడు. ఆ రోజు తల్లులు వచ్చి సంతకం పెట్టి పుస్తకాలు తీసుకెళ్తారు. ఎస్తేరు తల్లి సాలమ్మ వచ్చింది. మోండా మార్కెట్‌లో కూరగాయల దుకాణాల ముందు ఊడ్చే మనిషి. బల్ల దాటి నా పక్కకు వచ్చి, రెండు చేతులూ పట్టేసుకుంది.

"మీ మేలు సచ్చేదాంక మర్వను టీచరమ్మా. పిల్ల లేకున్న సుత రోజు హాజరేసిన్రు."

నాకు అర్థం కాలేదు. పక్కనే రత్నం గారు రిజిస్టరు చూస్తున్నారు. ఆయనకు అర్థమైంది. కళ్లజోడు సరిచేసుకుని, ఎస్తేరు ఎక్కడుందమ్మా అని నెమ్మదిగా అడిగారు.

"బొల్లారంల అయ్యగారు. మా ఆడబిడ్డ కాన్పయి మంచంల ఉన్నది. పెద్ద ఆపరేషనాయె. నెల దినాల సంది నా బిడ్డనే ఆసర." ఆయన ముఖం చూసి అప్పుడు ఆగింది.

సాలమ్మ చెప్పుకున్నది ఇది. సెలవుల్లో పదిరోజులకని పిల్లను బొల్లారం పంపింది. మేనత్త పంపలేదు. స్కూలుకు జ్వరమని లీవు లెటరు ఇచ్చింది. క్లబ్బుకు ఇవ్వడానికి భయపడింది, జ్వరమంటే క్లబ్బువాళ్లు ఇంటికొచ్చి చూస్తారు. వారం వారం గోడకు అంటించే గైర్హాజరు లిస్టును ఎస్తేరు స్నేహితురాలు రిబ్కా చేత చదివించుకుంది. ఒక్కసారి కూడా ఎస్తేరు పేరు లేదు. టీచరమ్మ జాలిగుండె అనుకుంది. రిబ్కా కూడా అదే అనుకుంది. పిల్లలంతా అదే అనుకుని, నాకు చెడ్డపేరు రాకూడదని నోరు మూసుకున్నారు.

ఆ రోజు సాయంత్రం రిబ్కాను విడిగా కూర్చోబెట్టుకున్నాను. ఎస్తేరు పేరు పిలిచినప్పుడు ఎవరు పలికేవారని అడిగాను.

"ఎవ్వరు పలకలే టీచర్. మీరు పిలుస్తరు. జెర సేపు ఆగుతరు. తల ఊపుతరు. ఇగ టిక్కు పెడ్తరు."

"నువ్వు కళ్లు మూసుకోవా?"

"ఏళ్ల సందులకెల్లి చూస్త టీచర్. అందరు చూస్తరు."

పెన్సిలు రోజు సంగతి అడిగాను. నేను చెయ్యి చాపడం చూసిందట. ఆ తర్వాత? అంకుల్ గుమ్మంలోకి వచ్చారని నిజంగానే కళ్లు మూసుకుందట. ఏడాదంతా వేళ్ల సందుల్లోంచి చూసిన పిల్ల, సరిగ్గా ఆ ఒక్క క్షణం భక్తిగా కళ్లు మూసుకుంది. నాకు ఏడవాలో దాని చెవి మెలిపెట్టాలో తెలియలేదు.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. ఐదుగురు పెద్దలు, రత్నం గారు, నేను, మా అమ్మ. రిబ్కా బయట మెట్లమీద ఏడుస్తోంది. కిటికీలోంచి వినబడుతోంది.

నేను నిజమే చెప్పాలని వచ్చాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. తీరా నిలబడ్డాక, "నాకు వినబడింది అంకుల్" అన్న ఒక్క మాటే బయటికొచ్చింది. ఒక పెద్దాయన, అమ్మాయికి నిద్ర సరిగ్గా పడుతోందా అని మా అమ్మను అడిగారు. ఇంకొకాయన, నవలలు బాగా చదువుతుందంట కదా అన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నన్ను అడగలేదు.

ప్రమీలను పిలిపించి అడిగితే, ఎస్తేరు నా దగ్గర పుస్తకాలు సర్దుతోందేమో అనుకున్నానని చెప్పి వెళ్లిపోయింది. ఆమెను ఎవరూ ఇంకో ప్రశ్న అడగలేదు. పంతొమ్మిదో గడిలో సిరా పాకిన చోటు చూపించి, ఇదిగో ఇక్కడ దిద్దినట్టుంది అన్నారు ఒకాయన. నీటి బొట్టు అన్నాను. గొంతు నాకే వినబడలేదు.

రత్నం గారు చెడ్డమనిషి కాదు. నన్ను దగ్గరికి పిలిచి మెల్లగానే చెప్పారు. "చూడమ్మా, ఉన్నవి రెండే దారులు. నువ్వు జాలిపడి వేసి ఉండాలి. లేదా ఆ పిల్ల బదులు ఇంకో పిల్ల పలికి ఉండాలి. రెండోదే అయితే రిబ్కా పేరు కూడా తీసెయ్యక తప్పదు."

మూడో దారి ఆయన దగ్గర లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గరా లేదు. నా చెవులతో విన్నదాన్ని పట్టుకుని వేలాడితే, మెట్లమీద ఏడుస్తున్న పిల్ల బడి మానేస్తుంది. ఒక్క అబద్ధంతో అది తప్పుతుంది. తప్పు నాదని నేనే ఒప్పుకుంటే ఎస్తేరు పేరు కూడా నిలబడవచ్చు, పిల్ల తప్పేముంది అంటారని ఆశపడ్డాను.

"జాలిపడి వేశాను అంకుల్" అన్నాను.

అందరి ముఖాలు తేటపడ్డాయి. అంతవరకు బల్లమీద పడి ఉన్న పెన్ను క్యాపు అప్పుడు తీశారు. నాకు వినబడింది అన్నప్పుడు ఒక్కరూ రాసుకోలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. నాకు తెలిసిన ఒకే ఒక్క నిజం ఆ గదిలో ఎవరికీ అక్కర్లేదు. అబద్ధం చెప్పగానే మా అమ్మాయి ఎంత మంచిదో అన్నట్టు చూశారు.

కాగితం రాసిచ్చే ముందు, ఎస్తేరు పేరు తియ్యకండి అని అడిగాను. నా జీవితంలో పెద్దవాళ్లను ఒక మాట అడగడం అదే మొదలు. ప్రార్థన చేద్దామమ్మా అన్నారు రత్నం గారు.

ప్రార్థన చేశారు. ఆ వారమే పంతొమ్మిదో గడిలో ఎస్తేరు పేరు మీద తెల్లకాగితం ముక్క అంటించి, ఇంకో పిల్ల పేరు రాశారు. రిజిస్టరు ప్రమీల చేతికి వెళ్లింది. నన్ను ఇక రావద్దన్నారు. ఆ మాట కూడా మెత్తగానే చెప్పారు. ఇంట్లో బి.ఎడ్. ఎంట్రన్సుకు చదువుకోమని.

రెండు వారాలు పోయాక మోండా మార్కెట్‌కు కూరగాయలకు వెళ్తే సాలమ్మ కనబడింది. చీపురు గోడకు ఆనించి నిలబడింది. ఈసారి చేతులు పట్టుకోలేదు. నేను తలవంచుకుని, ఎంత అడిగినా వినలేదని చెప్పబోయాను.

"మీరు రెండు దినాలు ఆబ్సెంటు ఏసుంటే, మూడో దినం నా బిడ్డను నేను తెచ్చుకుంటుంటి గద టీచరమ్మా," అంది. "హాజరు పడ్తున్నదని ఊకున్న."

కోపంగా కూడా అనలేదు. అలసిపోయినట్టు అంది. ఇంటికొచ్చి ఆ రాత్రి డైరీలో ఏమీ రాయలేకపోయాను. వినబడకపోయి ఉంటే ఎస్తేరు బడిలో ఉండేది. ఫీజు కట్టే దారి లేక, ఈ ఏడాదికి అక్కడే ఉండనియ్యమని సాలమ్మ ఆడబిడ్డకు కబురు పెట్టిందట.

ఆ శనివారం మధ్యాహ్నం, అమ్మకు లైబ్రరీకని చెప్పి బొల్లారం బస్సెక్కాను. అక్కడే ఏదైనా సర్కారు బడిలో చేర్పించమని మేనత్తను అడగాలని. సాలమ్మ చెప్పిన గుర్తుల ప్రకారం ఇల్లు దొరికింది. రెండు గదులు, ముందు చిన్న వాకిలి, తీగమీద పాప గుడ్డలు.

మేనత్త మంచం మీద ఒకవైపు వాలి కూర్చుని ఉంది. పాలిపోయిన ముఖం. నేను క్లబ్బు టీచరునని చెప్పగానే, కూర్చోమని కూడా అనకుండా మొదలుపెట్టింది.

"మీరేనా ఆ టీచరు? ఏం నేర్పిన్రమ్మా ఈ పోరికి? పొద్దుమీకి ఐదు కాకముందే ఏ పనిల ఉన్నా సరే, ఉన్నా టీచర్ అని గట్టిగ అంటది. అప్పుడప్పుడే పండుకున్న పాప దడుసుకొని లేస్తది. కొట్టినా మానలే."

ఎప్పటినుంచి అని అడిగాను. వచ్చిన కాడికెల్లి అంది. సెలవులయిపోయి నాలుగు దినాలైనప్పటి సంది అని తానే మళ్లీ సరిచేసింది. క్లబ్బు తెరిచిన రోజు అది. ఆదివారాలు అనదా అని అడిగాను. ఆదివారం ఏంది, శనివారమేందని విసుక్కుంది. పాప కాళ్లమీద నడిచేదాకా పిల్లను బడికి పంపేది లేదని మాత్రం ఖచ్చితంగా చెప్పింది. నేను వచ్చిన పని అంతటితో అయిపోయింది. నాకు వాదించడం రాదు.

తర్వాత ఎన్నో విధాలుగా ఆలోచించాను. అలవాటు కొద్దీ ఆ వేళకు పిల్ల అక్కడ పలికి ఉండవచ్చు. అలవాటు కొద్దీ నేను ఇక్కడ విని ఉండవచ్చు. అంతవరకు టార్చిలైటు వేసి చూడగలను. చాపిన చేతిలోంచి పెన్సిలు తీసుకున్నదెవరో, గడిలో తడి ఎక్కడిదో, ఆ మూలకు మాత్రం వెలుతురు చాలడం లేదు. ఇన్నేళ్లయినా చాలలేదు.

ఎస్తేరు నన్ను సాగనంపడానికి వీధి మలుపు దాకా వచ్చింది. చంకలో పాప. జడలు కత్తిరించేశారు. నేను తల ఎత్తి ఆ పిల్ల ముఖంలోకి సూటిగా చూడడం అదే మొదటిసారి అనుకుంటాను. కంటి కింద చిన్న మచ్చ ఉందని అప్పుడే తెలిసింది. క్లబ్బులో నీ పేరు నిలబెట్టలేకపోయానని చెప్పాను. తెలుసన్నట్టు తల ఊపింది.

బస్సు కనబడ్డాక, నిన్న కూడా పిలిచారు కదా టీచర్ అని అడిగింది. లేదన్నాను. రిజిస్టరు నా దగ్గర లేదని, మూడు వారాలుగా నేను క్లబ్బు గేటు కూడా దాటలేదని, ఇప్పుడు పిలిచే పేర్లలో తన పేరే లేదని చెప్పాను. ఎస్తేరు నా మాట నమ్మలేదు. పెద్దవాళ్లు పిల్లలకు చెప్పే అబద్ధాల్లో ఇదొకటి అన్నట్టు చూసింది. పాపను ఇంకో చంకకు మార్చుకుని, బతిమాలుతున్నట్టు అంది.

"ఇగ నన్ను పిలవకండి టీచర్. పిలిస్తే పలకకుండ ఉండలేకపోతున్న."